బిడ్డను తూచారు సరే, తల్లిని ఎప్పుడు తూస్తారు?

అందరికీ నమస్కారం. అధ్యక్షురాలు గారు నా గురించి చెప్పినదాంట్లో సగం కొట్టేయండి. ఆస్పత్రుల్లో డైటీషియన్‌గా చేసి రిటైరయ్యాను, తార్నాకలో మీ పక్క వీధిలో ఉంటాను, అంతే. తల్లిపాల వారోత్సవాలు కదా, పాల గురించి మాట్లాడమన్నారు. ముందు ఆ పాలిచ్చే మనిషి గురించి మాట్లాడనివ్వండి. పాల గురించి టైముంటే చూద్దాం.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఎవరు ఎంత తినాలో దేశానికంతా లెక్కలు చెప్పేది వాళ్లే. ఆ గేటు ముందు నుంచే రోజూ ఆటోలో పోతాం. ఆ లెక్కలు మాత్రం మన వంటిళ్ల దాకా రాలేదు.

కడుపుతో ఉన్న పిల్లను చూడగానే మనం అనే మొదటి మాట, 'ఇద్దరి కోసం తినాలమ్మా'. వాళ్ల లెక్క ప్రకారం కడుపుతో ఉన్నప్పుడు అదనంగా కావలసింది రోజుకు 350 కేలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు, చిన్న పల్లీపట్టీ కలిపితే ఇంచుమించు సరిపోతుంది. రెండో మనిషి భోజనం కాదు, సాయంత్రం టిఫిన్. దీనికి పూర్తిగా ఎదురు మాట కూడా కొన్ని ఇళ్లలో వింటాం: 'ఎక్కువ తినకు, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది' అని. అలా కడుపు మాడ్చుకున్న తల్లికి తక్కువ బరువు బిడ్డ పుట్టే ప్రమాదం ఉంది.

మరి ఎంత పెరగాలి? మన దగ్గర మామూలుగా 10 నుంచి 12 కిలోలు అంటారు. కానీ అందరికీ ఒకే అంకె కుదరదు. అమెరికాలో 2009లో ఇచ్చిన పట్టికలో, ముందే సన్నగా ఉన్నవాళ్లకు 12.5 నుంచి 18, ఊబకాయం ఉన్నవాళ్లకు 5 నుంచి 9 కిలోలు. మీ అంకె ఏదో మూడో నెలలోనే డాక్టరును అడగండి. అడగకపోతే చాలాచోట్ల చెప్పరు. కార్డు మీద రాసి, తర్వాతి పేషెంటును పిలుస్తారు.

పెరిగినదంతా కొవ్వు కూడా కాదు. బిడ్డే మూడు కిలోలు. మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి, పెరిగిన రక్తం, ఇవన్నీ కలిస్తే సగానికి పైనే. మిగిలిన కొవ్వు పాలివ్వడం కోసం ఒళ్లు దాచుకున్నది. కాన్పు అయిన రోజునే కొంత దిగిపోతుంది, మిగతాది నెలల మీద దిగుతుంది. గర్భసంచి మామూలు సైజుకు రావడానికే ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ఇరవై ఒకటో రోజు బారసాలకు పొట్ట కనబడుతుంది. కనబడాలి కూడా.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. నిజానికి దీన్ని చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను. ఉప్పల్ వైపు ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బారసాలలో అందరూ ఫొటోలు దిగుతుంటే ఒక పెద్దావిడ, 'ఏందమ్మా, కడుపు చూస్తే ఇంకా నెలలు ఉన్నట్టే ఉన్నవు గదా' అన్నది. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. మర్నాటి నుంచి అన్నం మానేసింది. పొద్దున గ్రీన్ టీ, మధ్యాహ్నం కీరా ముక్కలు. వాళ్లమ్మేమో అటు శొంఠి, నెయ్యి, బాలింత కారం. వాళ్లమ్మ పెట్టినదాన్ని ఆవిడకు తెలియకుండా కవర్లో కట్టి పారేసేదట. చూస్తుండగానే పాలు తగ్గాయి. తగ్గాయో, తగ్గాయన్న టెన్షనో, ఇంట్లో డబ్బా పాలు వచ్చాయి. అత్తగారు, 'మా రోజుల్లో ఇట్లా లేదు' మొదలుపెట్టారు. కళ్లు తిరుగుతున్నాయని, జుట్టు ఊడుతోందని, బరువు మాత్రం తగ్గట్లేదని నా దగ్గరికి వచ్చింది.

ఫైలు తెమ్మన్నాను. బిడ్డ బరువు ప్రతి విజిట్‌కూ గ్రాములతో సహా రాసి ఉంది. తల్లి బరువు? కాన్పు నాడు రాసిందే ఆఖరు. హిమోగ్లోబిన్ మళ్లీ చూడలేదు. ఐరన్ మాత్ర కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలని ఎవరూ చెప్పలేదట. పరీక్ష చేయిస్తే రక్తం లేదు, థైరాయిడ్ తేడా ఉంది. కాన్పు తర్వాత థైరాయిడ్ దెబ్బతినడం అరుదేమీ కాదు. జబ్బు ఒకటి, అందరూ చూసింది పొట్టను! ఇన్నేళ్లయినా నాకు ఆ ఫైలు మీద కోపం పోలేదు. బిడ్డను తూచేవాళ్లకు తల్లిని మిషనెక్కించడం ఎంతసేపండీ?

ఆ అమ్మాయికి డైటింగ్ ఆపించాను. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, కడుపుతో ఉన్నప్పటికంటే ఎక్కువ. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు తింటూ నెలకు ఒకటో రెండో కిలోలు తగ్గితే చాలు. ఉస్మానియా బిస్కట్లు, చాయ్ మాత్రం లెక్కపెట్టుకోమన్నాను. బాలింతకు రాత్రిళ్లు నిద్ర ఉండదు, చెయ్యి డబ్బాలోకి దానంతటదే పోతుంది.

ముందు వరుసలో అమ్మమ్మలు గుసగుసలాడుతున్నారు, పథ్యం గురించేనా? మీ శొంఠి, వాము, వెల్లుల్లి మీద నాకు గొడవ లేదు. నడుముకు గుడ్డ కట్టండి, ఆసరాగా ఉంటుంది. కొవ్వు మాత్రం దాంతో కరగదు. కానీ 'పొట్ట పెరుగుతుంది' అని నీళ్లు తాగనివ్వరు చూడండి, అది మానేయండి. మలబద్ధకం, మూత్రంలో మంట ఊరికే రావు. దయచేసి మానేయండి. నెయ్యి గిన్నెడు, నీళ్లు గుక్కెడు. ఇదేం పథ్యమండీ?

వెనక నిలబడ్డ అన్నయ్యలూ, తమ్ముళ్లూ, ఫోన్లు పక్కన పెట్టి వినండి. పొద్దున అరగంట బిడ్డను మీరు ఎత్తుకుంటే, ఆమె కాంప్లెక్స్ చుట్టూ నడుస్తుంది. బరువు దించడానికి మీ వంతు సాయం అదే. నడక ఎవరైనా మెల్లగా మొదలుపెట్టవచ్చు. సిజేరియన్ అయినవాళ్లు జిమ్ సంగతి మాత్రం డాక్టరును అడిగాకే.

ఇంకోటి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కడుపుతో ఉంటే మధ్యాహ్నం అంగన్‌వాడీకి వెళ్లనివ్వండి. ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి. ఆ గంటకు జీతం కోయకండి.

జాగ్రత్తలు రెండు చెప్తాను. కడుపుతో ఉండగా వారంలోనే బరువు ఒక్కసారిగా పెరిగి, ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి, చూపు మసక వస్తే అది తిండి వల్ల కాదు, బీపీ కావచ్చు. అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్లాలి. అట్లాగే కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు కాన్పయిన ఆరు వారాలకు గ్లూకోజ్ నీళ్ల పరీక్ష మళ్లీ చేయించుకోవాలి. అప్పటికి తగ్గినా, ముందుముందు షుగర్ వచ్చే అవకాశం వాళ్లకు ఎక్కువ. 'తగ్గిపోయిందిలే' అని చాలామంది వెళ్లరు.

పాల గురించి చెప్పనేలేదని అధ్యక్షురాలు గారు గడియారం చూపిస్తున్నారు. డాక్టరమ్మ తర్వాత మాట్లాడతారు, ఆవిడ చెప్తారు. పక్క గదిలో తూకం మిషన్ పెట్టించాను. పిల్లలకు కాదు, తల్లులకు. తలుపు వేసి ఉంటుంది, అంకె మీకూ నాకూ మాత్రమే తెలుస్తుంది. ఐరన్ మాత్ర ఏ నెలలో ఆపేశారో అక్కడే అడుగుతాను. పసుపు చీర అమ్మాయీ, మొదట నువ్వు రామ్మా, పాపను మీ ఆయనకివ్వు.