చింతచెట్టు అమ్మేశాక కొంగలు గూళ్లు పెట్టాయి

యాంకర్: తెనాలి దగ్గర్నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, రిటైర్డ్ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ గారు వింటున్నారు.

కాలర్: నమస్కారమండి. మా దొడ్లో చింతచెట్టుని కట్టెల అడితి ఆయనకి అమ్మాం, అడ్వాన్సూ తీసుకున్నాం. ఇంతలో వానలు పడి చెట్టు నిండా కొంగలు గూళ్లు పెట్టేశాయి. కింద రెట్ట, చేపల కంపు, బట్టలారేసే దారి లేదు. సోమవారం రంపంతో వస్తామంటున్నారు. కొట్టించొచ్చా సార్?

అధికారి: గూళ్లలో పిల్లలున్నాయా అమ్మా?

కాలర్: ఉన్నాయండి. తెల్లారకముందే గోల మొదలు.

అధికారి: అయితే సోమవారం రావద్దని చెప్పెయ్యండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే కాల్చి చంపడమే కాదు. అడవి పక్షుల గుడ్లు పగలగొట్టినా, గూళ్లు కదిపినా వేట కిందే లెక్క. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. 2022 సవరణకు ముందు జరిమానా పాతిక వేలే.

కాలర్: చెట్టు మాదే కదండీ!

అధికారి: మీదే. కొట్టడానికి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద పర్మిషన్ తీసుకోవాలి, అది తీసుకున్నా చెట్టు వరకే. గూళ్లకు పనికిరాదు. 2022లో కేరళ మలప్పురం జిల్లాలో హైవే కోసం చింతచెట్టు పడగొడితే పిల్లలు రోడ్డు మీద రాలిపోయాయి. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ప్రభుత్వ రోడ్డు పనే అయినా అటవీ శాఖ కేసు పెట్టింది.

కాలర్: మరి ఎన్నాళ్లు ఆగాలి? అడితి ఆయన అడ్వాన్స్ వెనక్కిమ్మంటాడు.

అధికారి: పొదగడానికి మూడు వారాల పైన, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. జంటలన్నీ ఒకేసారి గుడ్లు పెట్టవు, చివరి గూటిని బట్టి చూసుకోవాలి. ఇప్పుడు శ్రావణం కదా, బేరం దీపావళి తర్వాతకి మార్చుకోండి. మీ ప్రాంతం చూసే అటవీ శాఖ ఉద్యోగి, బీట్ ఆఫీసర్‌కి కాగితం రాసివ్వండి. ఆయనొచ్చి చూసి వెళ్తే అడితి ఆయనా గట్టిగా అడగడు.

యాంకర్: గూళ్లు ఖాళీ అయ్యాయని ఎలా తెలుస్తుంది సార్?

అధికారి: చెట్టు మాత్రం ఎక్కొద్దు. సర్వే చేసేవాళ్లు దూరంగా ఒకేచోట నిలబడి బైనాక్యులర్‌తో కొమ్మ కొమ్మా చూస్తారు. పొదిగే పక్షి ఉన్న గూళ్లు వేరు, పిల్లలున్నవి వేరు, ఖాళీవి వేరు రాసుకుంటారు. కొన్నాళ్లకి మళ్లీ అక్కణ్నుంచే. దగ్గరికెళ్తే తల్లి లేచిపోతుంది, ఆ సందులో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. డ్రోన్లు అసలొద్దు. కుర్రాళ్లకి సరదా, పక్షులకి టెన్షన్.

కాలర్: అప్పటిదాకా ఈ కంపేనా?

అధికారి: కొంత తప్పదు. కర్ణాటకలో కొంగలు గూళ్లు పెట్టే కొక్కరె బెళ్లూరు అనే ఊళ్లో రైతులు ఆ రెట్టనే ఎరువుగా వాడతారు. మీరూ కింద మట్టి పరిచి, తరవాత ఎత్తి పొలంలో వేయించండి.

కాలర్: ఇంకోటండి. మొన్న ఒక పిల్ల కింద పడితే మావాడు గంప కింద పెట్టి చేపలు వేస్తున్నాడు...

అధికారి: జాలితోనే అయినా పెంచడం కుదరదమ్మా. ఈ ఫోన్ పెట్టగానే బీట్ ఆఫీసర్‌కి కాల్ చెయ్యండి.