రెండో పాట ఏది?

(హనుమకొండలో కుర్ర బ్యాండ్లు కూడిన సభలో ఒక పాత క్యాసెట్ల దుకాణదారు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. గిటార్లు, డప్పులు భుజానికేసుకొని వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెండ్లకు కూడా నమస్కారం.

నన్ను పిలిచినోళ్లు అడిగింది ఒక్కటే. "అన్నా, మేం సింగిల్, అంటే ఆల్బమ్ కాకుండ ఒక్క పాటనే విడిగ, రిలీజ్ చేస్తున్నం. పాటతోపాటు అందుల ఇంకేం పెడితే వినేటోళ్లకు నచ్చుతది?" నేను పాడేటోన్ని కాదు, వాయించేటోన్ని అసలే కాదు. చౌరస్తల క్యాసెట్లు, తర్వాత సీడీలు అమ్మినోన్ని. కొనేటోళ్లు ఏమడిగేటోళ్లో అది నాకు తెలుసు. అదే చెప్త.

సినిమావాళ్లు కూడా "ఫస్ట్ సింగిల్" అంటరు. దాన్ని చూసి మీరు లెక్క వేసుకోకుండ్రి. అది సినిమా వస్తున్నదని వేసే చాటింపు. దాని పక్కన ఏం లేకున్నా నడుస్తది, వెనక హీరో ఉంటడు, పోస్టర్ ఉంటది, మిగతా పాటలు వారానికొకటి వస్తయని అందరికీ తెలుసు. మీ వెనక ఎవరున్నరు? మీ పాట నచ్చినోడు అది అయిపోంగనే "వీళ్లది ఇంకోటి ఉన్నదా" అని వెతుకుతడు. దొరకకపోతే ఇంకో బ్యాండ్ దగ్గరికి పోతడు. అందుకే నా మాట మొదట్లనే చెప్పేస్తున్న: సింగిల్‌ల రెండో పాట పెట్టుండ్రి. ఉన్న పాటనే నాలుగు తీర్ల మార్చి కాదు, వేరే పాట.

రికార్డుకు రెండో వైపు ఉండబట్టే ఈ అలవాటు వచ్చింది. 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుల కాలంల పది అంగుళాల పళ్లెం ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు పాడేది. ఇప్పటికీ పాట అంటే మూడు, నాలుగు నిమిషాలే అనుకుంటం, దాని మూలం అక్కడున్నది. 1949ల అమెరికాల ఆర్‌సీఏ కంపెనీ 45 స్పీడు చిన్న రికార్డు తెచ్చింది, సింగిల్ అంటే అదే అయింది. నడుస్తదని నమ్మిన పాటను కంపెనీ ఒక వైపు వేసేది, అది ఏ సైడు. రెండో వైపు ఖాళీగ ఇడిచిపెట్టలేరు గదా, చేతికి దొరికింది ఏదో వేసేది. దాన్నే బీ సైడు అన్నరు.

ఆ పట్టింపు లేని వైపే జనం ముత్యాలు ఏరుకున్నరు. 1978ల అమెరికా గాయని గ్లోరియా గేనర్ సింగిల్ ఒకటి వచ్చింది. కంపెనీ నమ్ముకున్నది "సబ్‌స్టిట్యూట్" అనే పాటను. వెనకవైపు వేసిన పాట "ఐ విల్ సర్వైవ్". న్యూయార్క్ డిస్కోలల్ల డీజేలు రికార్డును తిప్పి వెనకవైపు వేసుడు మొదలుపెట్టిన్రు. ఆ తర్వాత కంపెనీ దిగొచ్చి దాన్నే ముందుకు తెచ్చింది. 1979 మార్చిల అమెరికాల నంబర్ వన్, 1980ల గ్రామీ అవార్డు. ఇయ్యాల ఆ ముందటి పాట ఎవరికన్న యాదికున్నదా?

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ అయితే 1967 ఫిబ్రవరిల రెండు పాటలల్ల ఏది గొప్పదో తేల్చకుండ రెండూ ఏ సైడే అని ఇచ్చేసిన్రు. అదే ఏడు మే నెలాఖరుల వచ్చిన వాళ్ల ఆల్బమ్‌ల ఆ రెంట్ల ఒక్కటి కూడా లేదు. అప్పటికి సింగిల్ కొన్నోనికే ఆ పాటలు. అభిమాని కోరేది ఇదే. "రేపు ఆల్బమ్‌ల మళ్ల ఇదే పాట వస్తది గదా, ఇప్పుడెందుకు కొనాలె?" అనే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలె.

రెండో పాటకు బడ్జెట్ ఎక్కడిది అంటరు. స్టూడియో పాట అవసరం లేదయ్యా. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోండ్రి. ఒగ్గు కళాకారులు పట్నాలు (రంగుల ముగ్గులు) వేసి, డోలు, తాళాలతోని మల్లన్న కథ ఎత్తుకుంటరు. వాళ్లను అడిగి, వాళ్లకు ఇయ్యాల్సింది ఇచ్చి, మీ బేస్ గిటార్ వాళ్ల డోలు పక్కన కూసోబెట్టుండ్రి. మంచి మైకులు రెండున్నా చాలు. లేదంటే మీరు రిహార్సల్ చేసే గదిలనే, ఎవరో దగ్గింది కూడా వినపడంగ, ఒక్క టేకుల పాడింది పెట్టుండ్రి. మొదటి పాటను నున్నగ చేసిన్రు గదా, రెండోదాన్ల గరుకు ఉంటేనే వినేటోనికి మీరు ఎవరో తెలుస్తది. రెండు పాటలూ గరుకుగ ఉంటే మాత్రం చేతగాక అట్ల చేసిన్రు అనుకుంటరు, అది కూడా చెప్పాలె.

ఇగ పాట కాక ఏం కావాలె అంటే, ట్రాకు. మాటలు లేకుండ ఒట్టి మ్యూజిక్.

మా దుకాణంల ఖాళీ క్యాసెట్ మీద పాటలు ఎక్కిచ్చి ఇచ్చేది. (ఆ పని చట్టానికి నచ్చేది కాదు, ఆ ముచ్చట ఇయ్యాల వద్దు.) గిరాకీలు కాగితం మీద లిస్టు రాసుకొని వచ్చేది. 60 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకు 30. ఆరు పాటలు ఎక్కినంక రెండు, మూడు నిమిషాలు మిగిలేది. అక్కడ ఏం పెట్టాలె అని అడిగితే, కొందరు కామెడీ బిట్టు పెట్టమనేది. చానామంది "మ్యూజిక్ ఒక్కటే వచ్చేది ఏదన్న పెట్టు" అనేది. ఎందుకంటే దాని మీద వాళ్లు పాడుకోవాలె. అప్పుడు అట్లాంటివి దొరుకుడు తక్కువ.

జపాన్‌ల ఈ సంగతి తొందరగ పట్టుకున్నరు. 1988ల అక్కడ అరచేతిల పట్టే 8 సెంటీమీటర్ల సీడీ సింగిల్ వచ్చింది. చానా వాటిల్ల పాట, ఇంకో పాట, తర్వాత అసలు పాట కరోకే, అంటే గొంతు లేని మ్యూజిక్. కొన్నోడు ఇంట్ల ప్రాక్టీసు చేసి దోస్తుల ముందర పాడేది. జమైకా ముచ్చట ఇంకా పెద్దది. 1960ల చివర అక్కడ రికార్డు వెనకవైపు అదే పాటను గొంతు తీసేసి "వర్షన్" అని వేసుడు మొదలైంది. వీధిల సౌండ్ సిస్టమ్ పెట్టినోళ్లు ఆ వర్షన్ మీద మైకు పట్టుకొని సొంత మాటలు అల్లిన్రు. డబ్ అనే సంగీతం ఆ వెనకవైపు నుంచే పుట్టింది. నాలుగు తీర్లు వద్దంటివి, ఇది మరొక తీరే గదా అంటరేమో. కాదు. రీమిక్స్ వినేటందుకు, ట్రాకు పాడేటందుకు. పాడినోడు మీ పాటను నలుగురి ముందరికి తీస్కపోతడు.

మీ పాట నచ్చిన పిల్ల ఒకతి కాలేజీ యానివర్సరీల పాడాలనుకుంటది అనుకోండ్రి. ట్రాకు లేదు. ఫోన్‌ల యాప్ పెట్టి గొంతు తీసేస్తది. గొంతుతోపాటు డప్పు శబ్దం కూడా సగం పోతది, మిగిలింది రేకు డబ్బా లెక్క మోగుతది. స్టేజీ మీద వినేటోళ్లకు మాత్రం అది మీ పాటే. 2008ల రేడియోహెడ్ అనే బ్యాండ్ అయితే ఒక పాటను బేస్, గొంతు, గిటార్, డ్రమ్స్, మిగతా చప్పుళ్లు అని ఐదు ముక్కలు చేసి వేరువేరుగ అమ్మింది, ఎవరికి ఇష్టమున్నట్టు వాళ్లు కలుపుకోమన్నది. మీరు అంత దూరం పోకున్నా సరే, ఒట్టి మ్యూజిక్ ఇయ్యుండ్రి.

పాట మాటలు రాసి పెట్టుండ్రి. ఇది కొత్త కోరిక కాదు. మా చిన్నప్పుడు సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేది. కథ సగం రాసి "మిగతాది వెండితెర మీద చూడండి" అని ఇడిచిపెట్టేది, పాటలు మాత్రం పూర్తిగ ఉండేది. మన ఊరి మాటతోని పాట కట్టినప్పుడు ఇది ఇంకా అవసరం. కంప్యూటర్ తనంతట తాను వేసే అక్షరాలు మన మాటల దగ్గరికి వచ్చేసరికి ఏం రాస్తయో మీరే చూసిన్రు. తెలుగు అక్షరాలల్లనే రాయుండ్రి. ఇంగ్లిష్ అక్షరాలల్ల రాసిన తెలుగు చదువుతుంటే నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటది.

కవర్ బొమ్మ సంగతి మీకే ఎక్కువ తెలుసు. పేరు చదవొచ్చేటట్టు ఉంటే చాలు. శబ్దాన్ని కుదించకుండ ఉంచే వేవ్ ఫైలు కూడా దొరికేటట్టు పెడితే మంచి హెడ్‌ఫోన్లు ఉన్నోళ్లు సంతోషపడతరు, వాళ్లు తక్కువమందే అయినా పదిమందికి చెప్పేటోళ్లు.

పేర్ల దగ్గర మాత్రం కొంచెం ఆగుత. 1902ల కలకత్తల గాయని గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని గట్టిగ చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీల, అక్కడి పనివాళ్లకు ఇది ఎవరి పాటో తెలవాలె గదా. 120 ఏండ్ల తర్వాత మనం పెట్టే వీడియోల కింద "జానపదం" అని రాసి చేతులు దులుపుకుంటున్నం. ఆ పాట ఎవరి నోటి నుంచి నేర్చుకున్నరు? పరకాల దగ్గర ఒక అవ్వ బతుకమ్మ ఆడుకుంట పాడితే విన్నరనుకోండ్రి, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు, ఊరు రాయుండ్రి. డప్పు కొట్టినోని పేరు రాయుండ్రి. అభిమానులు ఇవి చదువుతరు. చదవరనుకుంటున్నరు గానీ, క్యాసెట్ మడతపేపరు తీసి కోరస్‌ల ఎవరున్నరో వెతికే పోరగాండ్లను ఎంతమందినో చూసిన.

ఇందుల పైసల సంగతి కూడా ఉన్నది. కాపీరైట్ చట్టానికి 2012ల వచ్చిన సవరణ ప్రకారం, పాట రాసినోనికి, బాణీ కట్టినోనికి రాయల్టీల దక్కే వాటాను కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. ఆ పైసలు వసూలు చేసేటందుకు 1969 నుంచి ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) అనే సంస్థ ఉన్నది. కానీ పేరే లేనోనికి ఏ సంస్థ అయినా ఏం పంపుతది? రిలీజ్ ఫారం నింపేటప్పుడు రచన, బాణీ అనే గడులల్ల అందరు బ్యాండ్ పేరే కొట్టేస్తున్నరు. అది మానుకోండ్రి.

వద్దనేటివి రెండు చెప్త. ఒకటి, అభిమానితోని ఒకే పాటను రెండుసార్లు కొనిపిచ్చుడు. 1990లల్ల ఇంగ్లండ్‌ల ఒకే సింగిల్‌ను రెండు సీడీలుగ అమ్మేటోళ్లు, ఒకదాన్ల రెండు బీ సైడ్లు, ఇంకోదాన్ల వేరే రెండు. అభిమాని ఒకే పాటకు రెండుసార్లు పైసలు పెట్టాలె. ఇంకోటి జపాన్‌ల ఏకేబీ 48 అనే అమ్మాయిల గ్రూపు చేసింది: 2009 నుంచి సింగిల్ సీడీల ఓటు చీటీ పెట్టి, ఇష్టమైన అమ్మాయిని గెలిపిచ్చుకోమన్నరు. ఓట్ల కోసం ఒక్కొక్కడు పెట్టెలకు పెట్టెలు కొన్నడు. సీడీలు మస్తు అమ్ముడుపోయినయి, వాటిల్ల విన్నయి ఎన్నో అడగొద్దు.

చివరకు డీజే మిక్స్. మీరు మొహాలు చిట్లిస్తున్నరు, నాకు కనపడుతున్నది. మన దిక్కు పాట హిట్ అయిందని తెలిసేది బరాత్‌లనే. మీరు ఇయ్యకపోతే ఎవరో ఒకరు రోడ్ షో మిక్స్ అని చేసి పెడతరు. అందుల మీ డప్పు తీసేసి వాళ్ల బీటు వేస్తరు, మొదట్ల వాళ్ల పేరు మూడుసార్లు అరిపిస్తరు, మీ పేరు ఎక్కడా ఉండదు. అందుకే ఈ ఒక్కటి మాత్రం మీరే చేపిచ్చుండ్రి, డప్పు అట్లనే ఉంచి బేస్ పెంచి. సింగిల్‌ల కలుపకుండ్రి, ఇంట్ల వినేటోనికి అది తలనొప్పి. విడిగ పెట్టి, హనుమకొండ, కాజీపేట, నర్సంపేట దిక్కు సౌండ్ సిస్టమ్ నడిపేటోళ్లకు నేరుగ పంపుండ్రి. మాఘమాసంల లగ్గాలు మొదలైతయి, ఫైలు అంతకు ముందుగాలనే వాళ్ల చేతికి పోవాలె.