కుక్కపిల్లకు ఆ ఎనిమిది వారాలు

హోస్ట్: నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారం కుక్కపిల్ల పెంపకం. ఒంగోలు, కందుకూరు, కావలి, గూడూరు నుంచి కూడా ప్రశ్నలు వచ్చాయి. పశువుల డాక్టర్ గారు మనతో ఉన్నారు. సార్, ఎక్కువమంది అడిగింది వయసు గురించి. నెల రోజుల పిల్లని తెచ్చుకోవచ్చా?

డాక్టర్: వద్దమ్మా. ఎనిమిది వారాలు నిండాలి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో కూడా ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదని ఉంది. నెలకే తెస్తే ముద్దుగా ఉంటది నిజమే. కానీ తోడబుట్టినవాటితో కుమ్ములాడేటప్పుడే ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పెడుతుందో దానికి తెలిసేది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేసి పోద్ది. ఆ పాఠం లేకుండా మనింటికి వచ్చిన పిల్ల మన చేతుల మీద నేర్చుకోవాలి.

హోస్ట్: ఎనిమిది వారాలకు తెచ్చాం. తర్వాత?

డాక్టర్: అక్కడినుంచి పదహారో వారం దాకా, ఆ రెండు నెలలే నేను ఈరోజు ఎక్కువ మాట్లాడాలనుకున్నది. ఎందుకంటే ఆ రెండు నెలల్లో రెండు పనులు ఒకదానికొకటి అడ్డమొస్తయ్. ఒకటి టీకాలు. ఎనిమిదో వారం ఒకటి, పన్నెండో వారం ఒకటి, పదహారో వారం ఒకటి. నెత్తురు విరేచనాలయ్యే పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్, లెప్టో, ఈ జబ్బులన్నిటికీ కలిపిన టీకా అది. పదహారో వారం డోసు పడి పది రోజులయ్యేదాకా ఒంట్లో రక్షణ పూర్తయిందని అనుకోబాకండి.

హోస్ట్: ఒకే టీకా మూడుసార్లు ఎందుకని చాలామందికి అనుమానం. డబ్బు కోసమేమో అని కూడా అంటారు.

డాక్టర్: అనుమానం రావడంలో తప్పులేదు, చెప్పాల్సింది మేమే. తల్లి ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తది. ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం మనం వేసిన టీకాని కూడా అది అడ్డుకుంటది. ఆరు వారాలకే తగ్గిపోయే పిల్లలున్నాయ్, పద్నాలుగు, పదిహేను వారాలదాకా ఉండే పిల్లలూ ఉన్నాయ్. ఏ పిల్లకి ఎప్పుడు తగ్గిందో పైకి తెలీదు. అందుకే వరసగా వేస్తాం, అది తగ్గిన రోజుల్లో ఏదో ఒక డోసు పని చెయ్యాలని. చివరిది పదహారు వారాలకు ముందు వేసి ఆపేస్తే, మూడు డోసులు పడినా పార్వో వచ్చే ప్రమాదం ఉంది. ఇంకోటి, సీసా మీదుండే స్టిక్కర్ పీకి మీ కార్డులో అతికించమని అడగండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దానిమీదే ఉంటయ్. టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మందుల షాపులో కొని సంచిలో వేసుకుని ఎండలో తిప్పి తెచ్చి ఇంటిదగ్గర పొడిపిస్తే అది పనిచేస్తదన్న నమ్మకం లేదు.

హోస్ట్: రెండో పని?

డాక్టర్: లోకం చూపించడం. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారందాకా కుక్కపిల్ల కొత్త మనిషిని, కొత్త చప్పుడుని చూసి తొందరగా అలవాటు పడతది. ఆ తర్వాత కొత్తదేది కనపడినా ముందు భయమే. టీకాలు పూర్తయ్యేది పదహారుకి, ఈ అవకాశం దాటిపోయేది పద్నాలుగుకి. చూడండి చిక్కు యాడుందో. టీకాలు అయ్యేదాకా గేటు దాటించం అని నాలుగు నెలలు ఇంట్లో పెట్టినవాళ్ళకి జబ్బులేని కుక్కే దొరుకుతది, కానీ గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషిని చూస్తే మీదపడతది, దీపావళికి మంచం కింద దూరి రెండురోజులు అన్నం ముట్టదు.

హోస్ట్: మరి బయట తిప్పితే పార్వో అంటారు కదా.

డాక్టర్: నేలమీద తిప్పబాకండి. ఎత్తుకుని తిప్పండి. అమెరికాలో జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2008లోనే చెప్పింది, మొదటి టీకా పడిన వారానికే మొదలుపెట్టొచ్చని, పూర్తయ్యేదాకా ఆగబాకండని. పద్ధతి చెప్తా. తువ్వాలు పరిచిన బుట్టలో పెట్టుకుని సాయంత్రం చల్లబడ్డాక మద్రాసు బస్టాండు వైపు వెళ్ళండి. ఆగి ఉన్న బస్సుల దగ్గరకి పోవాల్సిన పనిలేదు, ఎదురుగా కొంత దూరంలో పది నిమిషాలు కూర్చోండి. హారన్లు, ఆటోలు, మూటలెత్తేవాళ్ళు, తలమీద గంపలు, బురఖాలు, హెల్మెట్లు, అన్నీ కనపడతయ్. బస్సు హారన్ మోగిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క, శనగ గింజంతది, నోట్లో పెట్టండి. హారన్ అంటే మాంసం అని దానికి లెక్క కుదరాలి.

హోస్ట్: భయపడుతున్నట్టు ఎట్టా తెలుస్తుంది?

డాక్టర్: అరవడం ఆఖర్న. అంతకుముందే చాలా చెప్తది. నిద్ర రాకపోయినా ఆవలిస్తది, తిండి లేకపోయినా పెదాలు నాక్కుంటది, చెవులు వెనక్కి అంటించుకుంటది, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి కనపడతది. మాంసం ముక్క పెట్టినా తినకపోతే అది కచ్చితమైన గుర్తు. అప్పుడు ఇంకో యాభై అడుగులు వెనక్కి జరగండి. అలవాటు పడతదిలే అని అక్కడే కూర్చోబెడితే భయమే గట్టిపడతది. ఇంట్లో మిక్సీ, ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా ఇట్టాగే, ముందు పక్క గదిలో నుంచి వినిపించండి.

హోస్ట్: పార్వో మాట వచ్చింది కాబట్టి దాని గుర్తులు కూడా చెప్పండి సార్.

డాక్టర్: మొదట తిండి మానేస్తది, వాంతులు, తర్వాత నెత్తురుతో విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోరు. పిల్ల నీళ్ళు కూడా వాంతి చేసుకుంటుంటే సాయంత్రందాకా చూద్దాం అనబాకండి, ఒంట్లో నీరు పోయే ప్రాణం పోద్ది. వెంటనే సెలైన్ పడాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఫినాయిల్. ఫినాయిల్‌తో ఇల్లు కడిగేశాం, ఇంకేం భయంలేదని ఇంకో పిల్లని తెస్తారు. పార్వో వైరస్ ఫినాయిల్‌కి చావదు. నేలలో నెలల తరబడి బతికుంటది. దానికి పనిచేసేది ద్రవరూపంలో దొరికే బ్లీచ్. ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్ళు. అంటే లీటరు నీళ్ళకు సుమారు 33 మిల్లీలీటర్లు. ముందు సబ్బుతో మురికంతా కడగాలి, మురికి ఉంటే బ్లీచ్ శక్తి దానికే ఖర్చయిపోద్ది. తర్వాత ఈ నీళ్ళు పోసి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగెయ్యాలి. యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ కలపబాకండి, విషవాయువు వస్తది. ఆరిందాకా పిల్లని అటు రానివ్వబాకండి.

హోస్ట్: బయటికే పోని పిల్లకి పార్వో ఎట్టా వస్తుంది?

డాక్టర్: చెప్పులమ్మా. మనం వీధిలో తొక్కొచ్చింది గుమ్మం దగ్గర విడుస్తాం. పిల్లకి పళ్ళు దురద, కనపడింది ఆ చెప్పే. కాబట్టి కుక్కపిల్ల ఉన్న ఇంట్లో చెప్పుల స్టాండు నడుము ఎత్తున ఉండాలి. చెప్పులు కొరికే అలవాటు కూడా దాంతోనే పోద్ది.

హోస్ట్: నులిపురుగుల మందు?

డాక్టర్: రెండో వారం నుంచి రెండు వారాలకోసారి ఎనిమిదో వారందాకా, ఆ తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి. ప్రతిసారీ తూకం వేసి వెయ్యాలి, పోయిన నెల మోతాదు ఈ నెలకు చాలదు. తల్లి కడుపులోనే, పాలలోనే పురుగులు పిల్లకి చేరతయ్, అందుకే అంత చిన్న వయసులో మొదలు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోతే పేగులో కొంకిపురుగు రక్తం పీలుస్తుందేమో చూపించండి.

హోస్ట్: తిండి. మనవైపు పెరుగన్నం పెట్టడం మామూలు.

డాక్టర్: పెరుగన్నంతో కడుపు నిండుతది, ఎముక నిండదు. పెరిగే పిల్లకి మాంసకృత్తులు కావాలి. పిల్లల మేత ప్యాకెట్టు పెడితే దానిమీద బరువుకి తగ్గ పట్టిక ఉంటది, అది చాలు, పైన కాల్షియం టానిక్ పొయ్యబాకండి. పెద్దజాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకరపోతయ్. ఇంటి తిండే పెడితే తిరగబడతది సంగతి. కోడిమాంసం, అన్నం, గుడ్డు ఎంత పెట్టినా వాటిలో కాల్షియం చాలదు, ముందుకాళ్ళు విల్లులాగా వంగుతయ్. అప్పుడు డాక్టరు చెప్పిన మోతాదులో కాల్షియం కావాలి. మూడు నెలలదాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడు, ఆ తర్వాత రెండు. ఆవుపాలు, గేదెపాలు తాపితే చాలా పిల్లలకి విరేచనాలే.

హోస్ట్: నెల్లూరులో మిగిలిన చేపల పులుసు కలిపి పెట్టడం కూడా ఉంది.

డాక్టర్: అది అసలు వద్దు. కారం, ఉప్పు ఒకవైపు, అసలు విషం ఉల్లిపాయ. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలని పగలగొడతయ్. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. కిలో బరువుకి 15 గ్రాముల ఉల్లిపాయ దాటితే ప్రమాదం. అయిదు కిలోల పిల్లకి 75 గ్రాములు, అంటే ఒక్క మాదిరి ఉల్లిపాయ. వెంటనే ఏమీ కనపడదు, రెండుమూడు రోజులకి మూత్రం ఎర్రగా వస్తది. చేప పెట్టాలనుకుంటే కూరకి కోసేటప్పుడే ఒక ముక్క తీసి ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్ళన్నీ వేళ్ళతో తడిమి తీసి పెట్టండి. రొయ్య కూడా తలకాయ, పొట్టు తీసినదే. తలమీద ముల్లు గొంతులో గుచ్చుకుంటది. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుకి గుచ్చుకుంటయ్.

హోస్ట్: ఇప్పుడు ఎండలు.

డాక్టర్: రోడ్డుమీద అరచెయ్యి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. కుక్కకి మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే వడదెబ్బ. జిగట జొల్లు, ముదురు ఎర్ర చిగుళ్ళు, తూలడం కనపడితే నీళ్ళు పోసి ఫ్యాను పెట్టి, 103కి దిగాక ఆపి ఆసుపత్రికి. రోహిణీ కార్తెలో మేడమీద ట్యాంకు నీళ్ళు కాగినట్టుంటయ్, ఆ కొళాయి విప్పి పోసేస్తారు. ఇంట్లో బిందెలో నీళ్ళు వాడండి. హస్కీ, సెయింట్ బెర్నార్డ్, పగ్ ఈ ఎండకి తట్టుకునేవి కావు. నాటు కుక్కపిల్లని తెచ్చుకుంటే సగం బాధ తప్పుద్ది.

హోస్ట్: గోమార్ల సంగతి?

డాక్టర్: గోమార్లని, పిడుదులని అంటారు. కుక్కమీద కనపడేవి కొన్నే, గుడ్లు పెట్టేది గోడ పగుళ్ళలో, తలుపు సందుల్లో. ఒక్కోటి వేలల్లో పెడతది. కాబట్టి పగుళ్ళు పూడ్చకుండా కుక్కకి ఎంత మందేసినా మళ్ళీ వస్తయ్. ఎనిమిది వారాలు, రెండు కిలోలు దాటిన పిల్లలకి నమిలే మాత్రలున్నాయ్, తూకం చూసి డాక్టరు రాస్తారు. ఒక్కటి మాత్రం చేతులెత్తి అడుగుతా. మిరప తోటకి, పొగాకుకి కొట్టే మందు నీళ్ళలో కలిపి పిల్లకి పుయ్యబాకండి. కందుకూరు, కొండపి వైపు ఇళ్ళల్లో ఆ డబ్బాలు చేతికందేలా ఉంటయ్. పూసిన గంటలో నోటినుంచి నురగ, ఒళ్ళు వణుకు. అట్టా జరిగితే సబ్బుతో కడిగి, డబ్బా కూడా చేతపట్టుకుని రండి, అందులో ఏముందో తెలిస్తేనే విరుగుడు వెయ్యగలం.

హోస్ట్: ప్రవర్తన గురించి. ఇంట్లో మూత్రం పోస్తుందని ఎక్కువమంది రాశారు.

డాక్టర్: నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట ఆపగానే పెరట్లోకి ఎత్తుకుపోండి. మెలకువలో రెండు గంటలకోసారి. రోజూ అదే మూల. పోసిన రెండు సెకన్లలో మెచ్చుకుని ముక్క పెట్టండి, లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు పెట్టారనుకుంటది. ఇంట్లో పోస్తే ముక్కు దానికి రాయడం, కొట్టడం పనికిరాదు. దానికి అర్థమయ్యేది, మీ ఎదుట పొయ్యకూడదని, అంతే. తర్వాత సోఫా వెనక పోస్తది.

హోస్ట్: పిలిస్తే రాదని ఇంకో బాధ.

డాక్టర్: ఇది మన తెలుగిళ్ళల్లో ప్రత్యేకంగా వచ్చే చిక్కు. నాయనమ్మ "దా" అంటది, అమ్మ "ఇట్రా" అంటది, పిల్లోడు "కమ్" అంటాడు. పైగా మన మాటల్లో "రా" ఎన్నిసార్లు దొర్లుతదో చూడండి. "ఏరా", "లేదురా", "పోరా". రోజుకి వందసార్లు "రా" వింటది, ఒక్కసారీ దాని కోసం కాదు. ఇంక ఆ మాటకి విలువేంది? అందుకని ఇంట్లో అందరూ ఒకే మాట, "దా" పెట్టుకోండి. వారంపాటు నాలుగడుగుల దూరం నుంచే పిలవండి, వచ్చిన ప్రతిసారీ ముక్క. "దా" అని పిలిచి స్నానం, మాత్ర వద్దు, వాటికి మీరే దగ్గరకెళ్ళండి.

హోస్ట్: కొరకడం?

డాక్టర్: పాలపళ్ళు 28. నాలుగో నెల నుంచి ఊడి, ఏడో నెలకల్లా 42 పళ్ళు వస్తయ్. అందాకా నములుతది. పాత తువ్వాలు ముక్క తడిపి మెలిపెట్టి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, గట్టిపడిన చల్లదనం చిగుళ్ళకి హాయి. ఆడపిల్లల పరికిణీ అంచు పట్టుకుంటే పరుగెత్తకూడదు, పరుగెత్తితే వేటాట. కదలకుండా నిలబడి, వదిలాక అరనిమిషం పక్కకి పోవాలి. ఇంకోటి, టీకా పడని పిల్ల పన్ను గీరుకుని నెత్తురొచ్చినా రేబీస్ ప్రమాదమే. పదిహేను నిమిషాలు కొళాయి కింద సబ్బుతో కడిగి అదేరోజు ఆసుపత్రికి పోండి. పిల్లకి మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, తర్వాత ఏటా. జులై 6, జూనోసిస్ డే నాడు, అంటే జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

హోస్ట్: రేపే పిల్లని తెచ్చుకునేవాళ్ళకి?

డాక్టర్: పొద్దున్నే తెచ్చుకోండి, రాత్రిలోపు ఇల్లు కొంచెం తెలుస్తది. తల్లి పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి. మొదటి వారం రాత్రుళ్ళు బుట్ట మీ మంచం పక్కనే, ఏడిస్తే చెయ్యి కిందికి పెట్టండి చాలు. మూడు రోజుల్లోపు డాక్టరుకి చూపించండి. ఆసుపత్రిలో మాత్రం కింద దించబాకండి, బల్లమీద కూడా కూర్చోబెట్టబాకండి. అక్కడికి వచ్చేవి జబ్బు కుక్కలే గదా. మీ వంతు వచ్చేదాకా ఒళ్ళోనే ఉండాలి.