పచ్చగుంటే పార్కు కాదు

స్టేజీ మీదున్న పెద్దలకు, కిందున్న అక్కలకు, అన్నలకు, వెనక నిలబడి ఫోన్లు చూస్తున్న పిల్లలకు దండాలు. పేర్లన్నీ చదువుకుంట పోతే వాన పడేటట్టుంది, వద్దులె. వన మహోత్సవం సార్, ఏ మొక్క ఏడ పెట్టాలెనో చెప్పుండ్రి అని సెక్రటరీ గారు పిలిచిండ్రు, బాటనీ చెప్పి రిటైర్ అయినోన్ని కదా. వేప, కానుగ, నేరేడు పెట్టుండ్రి, గోడకు జర దూరం పెట్టుండ్రి, కోనోకార్పస్ మాత్రం వద్దు. మొక్కల ముచ్చట అయిపాయె. ఇగ ఎవ్వరు పెట్టకున్నా పెరిగే మొక్క సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీల సగం మంది ఇండ్లు చూస్తున్నోళ్లు, ఇంకో సగం చుట్టాలకు చూపిస్తున్నోళ్లు.

మా బామ్మర్ది ఉన్నడు. హన్మకొండ అవతల ఒక చెరువు దగ్గర రెండంతస్తుల ఇల్లు చూసిండు. ఎండకాలం. బాల్కనీల నిలబడితే ఎదురుంగ అంత పచ్చగ, మధ్యల ఊదారంగు పూలు, మా చెల్లె అయితే ఫొటో దిగి స్టేటస్ కూడ పెట్టింది. బ్రోకర్ ఏమన్నడు, సార్ ఇది లేక్ వ్యూ, రేపు ముందట పార్కొస్తది, రేటు డబుల్ అన్నడు. నేను పోయి చూస్తే అదంత గుర్రపు డెక్క! బావా, మంచిగ పచ్చగుంది కదా అంటడు. అరె, ఆ పచ్చగుండుడే రోగం రా అన్న. వినలే.

అది ఉత్తగ పెరగదు, జర మనసు పెట్టి వినుండ్రి. అమెజాన్ దిక్కు మొక్క, పూలు అందంగున్నయని 19వ శతాబ్దం చివర్ల బెంగాల్‌కు తెచ్చుకున్నరు, ఆడికెళ్లి దేశమంత పాకింది. దాని తిండి నత్రజని, భాస్వరం, అంటే మన బాత్రూం నీళ్లు, సర్ఫు నీళ్లు. ఆ తిండి దొరికితే రెండు వారాలల్ల డబుల్ అయితది. చెరువు నిండ అది కమ్ముకున్నదంటే చాలాసార్లు ఏదో డ్రైనేజీ నాలా తెచ్చి అందుల కలిపిండ్రని అర్థం, మరి పక్కన బోరు వేస్తే ఏ నీళ్లొస్తయో మీరే ఆలోచించుండ్రి. మాన్సోనియా దోమ పిల్లలైతే దాని వేర్లకు అతుక్కొని అక్కడికెళ్లే గాలి పీల్చుకుంటయ్, కేరళ దిక్కు బోదకాలు అంటించిన దోమల్ల అదొకటి. పీకేసినా అయిపోదు, విత్తనాలు బురదల ఏండ్లకు ఏండ్లు పడుంటయ్. మన వరంగల్ భద్రకాళి చెరువునే చూడుండ్రి, పూడిక, గుర్రపు డెక్క తీయనీకె 2024 నవంబర్‌ల నీళ్లన్నీ వదలాల్సొచ్చింది. బతుకమ్మ వదలాలంటే ఆడోళ్లు కర్రతోని దాన్ని పక్కకు నూకి జాగ చేసుకునుడు మీరు చూడలేదా, అక్కా?

అసలు ముచ్చటకొస్త. ఆ ఇంటి కాంపౌండ్ గోడ బయట అడుగు భాగంల ఎండిపోయిన గుర్రపు డెక్క చాప లెక్క పట్టుకొని ఉండె. అది నీళ్ల మీద తేలే మొక్క, నడిచి రాదు కదా? అంటే నీళ్లు గోడ దాక వచ్చి పోయినయ్. ఎఫ్‌టీఎల్ రాయి, అంటే చెరువు నిండితే నీళ్లు ఏడి దాక వస్తయో చూపే హద్దు రాయి, బ్రోకర్ పీకేస్తడేమో గాని ఈ గుర్తు తుడువుడు ఎవరికీ యాదికి రాదు. ఇల్లు చూడపోతే గోడలు, కంచెల అడుగున చూడుండ్రి. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండ్రి సాలు, గోడ అడుగు!

బామ్మర్ది ఏమన్నడంటే, పట్టా ఉంది, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాయితం) క్లీన్ ఉంది, రిజిస్ట్రేషన్ కూడ అయితదట అన్నడు. కావచ్చు. శిఖం భూములకు, అంటే చెరువు నిండితే మునిగే భూములకు కూడ పట్టాలుంటయ్, నీళ్లు తగ్గినంక సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టుడు మాత్రం కుదరదు. 2012ల వచ్చిన జీవో 168, అంటే ఇండ్లు కట్టే రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంటే 25 ఎకరాల పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఏం కట్టకుండ వదలాల్సిన జాగ, చిన్నదైతే 9 మీటర్లు. ఈసీల ఇది రాయదు. ఇరిగేషనోళ్ల మ్యాపు చూడాలె.

కొన్నడు. 2020 ఆగస్టుల వరంగల్ అంత మునిగింది కదా, అప్పుడు ఆ గుర్రపు డెక్క అంత కొట్టుకొచ్చి మత్తడి దగ్గర, కల్వర్టు మూతికి అడ్డం పడ్డది, నీళ్లు ఎనకకు తన్నినయ్. ఫ్రిజ్, సోఫా, పెండ్లి ఆల్బం అన్నీ పోయినయ్. సరే పాపం అనుకున్నం. ఇప్పుడు అదే ఇల్లు రంగులేసి అమ్మకానికి పెట్టిండు, యాడ్‌ల ఏం రాపిచ్చిండో తెల్సా? లేక్ వ్యూ!

నవ్వకుండ్రి. కొనేటోనికి చెప్పురా అంటే, నాకెవడు చెప్పిండు బావా అంటడు. నేను అడిగినందుకు చెల్లె నాతోని మాట్లాడుతలేదు. బ్రిటన్‌ల జపనీస్ నాట్‌వీడ్ అని ఇండ్ల చుట్టు మొండిగ పాకే ఒక కలుపు మొక్కుంది, ఇల్లు అమ్మేటప్పుడు అది ఉన్నదా లేదా అని అక్కడ ఫారంల అడుగుతరు, అబద్ధం చెప్పి కోర్టుల డబ్బులు కట్టినోళ్లున్నరు, బ్యాంకు లోను కూడ కిరికిరి అయితది. మన దగ్గర సేల్ డీడ్‌ల చెట్లు, బావులు, సకల హక్కులు అని ఒకటే మంత్రం చదువుతరు, మునిగిందా లేదా అని ఒక్క లైను ఉండదు.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నరు, అయిపోయింది సార్. మన ఎనక చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు కావాలని ఇరిగేషన్ ఆఫీసుకు దరఖాస్తు రాసి తెచ్చిన, గా టీ టేబుల్ మీదనే ఉన్నది, పెన్ను కూడ ఉన్నది. ఇల్లు అమ్మాలనుకుంటున్నోళ్లు కూడ సంతకం పెట్టాలె, వాళ్లే ముందు పెట్టాలె.