మంగళవారం మీటింగు మానొద్దు

(హన్మకొండలో ఒక రోటరీ క్లబ్ కొత్త కార్యవర్గం పదవీ స్వీకార సభలో పూర్వ అధ్యక్షుడొకరు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఇప్పుడే పదవి గుర్తుగా మెడలో కాలర్ వేయించుకున్న మన అధ్యక్షురాలు మేడం గారికి, సెక్రటరీ, ట్రెజరర్ తమ్ముళ్లకు, జనగామ నుంచి, కరీంనగర్ నుంచి వానలో తడుస్తూ వచ్చిన తోటి క్లబ్బుల మిత్రులకు, మన ఇంటి ఆడబిడ్డలకు, పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మన ఆనవాయితీ. ఇవాళ ఆ సమయం కూడా నాకే ఇవ్వమని అడుగుతున్నాను. ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు.

మేడం, మీకు ప్రత్యేకంగా ఒక మాట. 1989 దాకా రోటరీ నిబంధనల్లో ఆడవాళ్లకు సభ్యత్వమే లేదు. భార్యలు అతిథులుగా వచ్చి భోంచేసి వెళ్లేవారు. ఇవాళ మీరు గంట కొట్టి సభ మొదలుపెడుతుంటే మా ఇంటావిడ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నావీ కలిపి లెక్కపెట్టుకోండి.

ఫెలోషిప్, అంటే సభ్యుల మధ్య స్నేహం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు. దాని గురించే మాట్లాడతాను. కానీ బోర్డు ముందు ఒక ప్రతిపాదన ఉంది. వచ్చే నెల నుంచి మంగళవారం మీటింగు నెలకు రెండుసార్లే పెట్టుకుందాం, మిగతా రెండు వారాలు విషయాలన్నీ వాట్సాప్ గ్రూపులో చూసుకుందాం అని. అందరికీ పనులున్నాయి, ట్రాఫిక్ పెరిగింది, హాలు కిరాయి, భోజనం ఖర్చు పెరిగింది. ఇవన్నీ నిజమే. 2016లో రోటరీ నిబంధనలు సవరించినప్పుడు నెలకు కనీసం రెండు మీటింగులున్నా చాలని క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చిన మాట కూడా నిజమే. ఆ ప్రతిపాదన తెచ్చిన తమ్ముళ్ల మీద నాకు కోపం లేదు. కానీ అది ఒప్పుకోవద్దని చెప్పడానికే నేను లేచాను.

మొదట్నుంచీ రోటరీ ఎదురెదురుగా కూర్చున్న మనుషుల సంస్థ. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ఇంకో ముగ్గురితో కూర్చున్నాడు. వాళ్లలో ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన టైలరు. హారిస్ వెర్మాంట్‌లో చిన్న ఊళ్లో పెరిగినవాడు. పెద్ద పట్నంలో పలకరించే దిక్కు లేక ఈ పని మొదలుపెట్టాడు. ఇవాళ నీ ఆఫీసు, రేపు నా ఆఫీసు అని వంతులవారీగా కూర్చునేవారు. సేవ అనే మాట ఆ తర్వాత వచ్చింది. 1907లో వాళ్లు పూనుకున్న మొదటి పెద్ద పని ఏంటో తెలుసా? షికాగో నడిబొడ్డున జనానికి మరుగుదొడ్లు. పెద్దమనుషులు నలుగురిలో మాట్లాడడానికి సిగ్గుపడే విషయం. కలిసి కూర్చుని చనువు పెరిగితేనే అలాంటి విషయం నోటికి వస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన ఊరికి ఇది కొత్తా అంటే అదీ కాదు. షికాగో వాళ్లకంటే ఒక ఏడాది ముందు, 1904లో, ఈ హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్నారు మన పెద్దలు. నిజాం కాలంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండేది. అలాంటి రోజుల్లో కూడా పేపరు చదవడానికో పుస్తకానికో అన్న పేరుతో మనుషులు ఒకచోట చేరారు. మనకు అడ్డం చెప్పేవాడు లేడు. కుర్చీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, మీటింగు ముందు మిర్చి బజ్జీ ఉంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం మన మంగళవారం ఎట్లుండేదో చెప్తాను. ఏడున్నరకు గంట. ప్రార్థన. నాలుగు ప్రశ్నల పరీక్ష అందరం కలిసి చదవడం. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే రోటరీ సభ్యుడు రాసిన ఆ నాలుగు ప్రశ్నల్లో మొదటిది, మనం అనుకునేది, చెప్పేది, చేసేది నిజమేనా అని. ఆ తర్వాత పుట్టినరోజులు, పెళ్లిరోజులు. ఆ తర్వాత మీటింగు క్రమశిక్షణ చూసే సార్జెంట్ డబ్బా పట్టుకుని తిరుగుతాడు. ఆలస్యంగా వస్తే ఫైను, ఫోను మోగితే ఫైను. సంతోషం ఉన్నవాళ్లు లేచి అదేంటో చెప్పి డబ్బాలో రూపాయి వెయ్యాలి. కూతురికి ఎంసెట్‌లో సీటొచ్చిందని ఒకరు, మనవడు నడిచిండని ఒకరు. ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉన్న మన అన్న మిర్చికి ధర వస్తే రైతు కంటే ముందు లేచేవాడు. ఇప్పుడు ఉందో లేదో గానీ, అప్పట్లో గుమ్మం దగ్గర చీటీ తియ్యాలి. చీటీలో ఏ టేబుల్ నంబరు వస్తే అక్కడే కూర్చోవాలి. దోస్తుల పక్కన కూర్చుంటానంటే కుదరదు. డాక్టరు పక్కన వాచ్ రిపేర్ ఆయన, ప్రొఫెసరు పక్కన రైస్ మిల్లు ఆయన. మేడం, ఆ చీటీలు మళ్లీ పెట్టండి.

పోలియో పని ఎట్ల జరిగిందనుకుంటున్నారు? రోటరీ 1985లో ప్రపంచమంతటా పోలియోను పారదోలే పనికి పూనుకుంది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. మందు సర్కారుది, సిబ్బంది సర్కారు వాళ్లు. మన పని బూత్‌లు, బ్యానర్లు, సిబ్బందికి టిఫిన్లు, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలుచుకురావడం. చుక్కల మందు సీసా మీద ఒక చిన్న గుండ్రం, దాని లోపల తెల్లటి గడి ఉంటాయి. మెడికల్ షాపు వాణ్ని కాబట్టి నాకు ఆ గడి బాగా తెలుసు. వేడి తగిలిన కొద్దీ ఆ తెలుపు ముదురుతుంది. చుట్టూ ఉన్న గుండ్రం రంగుతో కలిసిపోయిందంటే ఆ సీసా పనికిరాదు. ఐసు లేకపోతే మందు లేదు. ఐసు ఎవరి దగ్గరుంది? ఒక మంగళవారం చీటీలో పిల్లల డాక్టరు పక్కన ఐసు ఫ్యాక్టరీ ఆయన పడ్డాడు. భోజనం ముగిసేలోపు ఆ సమస్య తీరింది. ఉత్తరం లేదు, తీర్మానం లేదు. 2011 జనవరి 13 తర్వాత ఈ దేశంలో ఒక్క పిల్లకు కూడా సహజంగా వ్యాపించే పోలియో వైరస్ సోకినట్టు తేలలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో లేదని పత్రం ఇచ్చింది. అంత పెద్ద పనిలో మన ఐసు గడ్డలు కొన్ని ఉన్నాయి.

ఐసు అన్నాను కాబట్టి ఇంకో ఐసు సంగతి చెప్పాలి. నేను చెప్పాలనుకున్న క్రమం ఇది కాదు. కానీ ఇక ఆగలేను.

వాచ్ రిపేర్ అన్న గురించి చెప్పాను కదా. చౌరస్తా దగ్గర చిన్న డబ్బా కొట్టు, మట్టెవాడలో కిరాయి ఇల్లు. ఎప్పుడూ మీటింగు తప్పేవాడు కాదు. ఒక ఎండాకాలం మంగళవారం రాలేదు. సార్జెంటు ఫైను రాస్తుంటే పక్కనున్న అన్న అడ్డుపడ్డాడు. ఆయన రాలేదంటే ఏదో జరిగింది, పోయి చూద్దాం పదండి అన్నాడు. భోజనం కాగానే నలుగురం వెళ్లాం. ఇంటికి తాళం. పక్కింటావిడ చెప్పింది, వాళ్లమ్మ చనిపోయింది, అందరూ ఊరికి పోయారని.

మరుసటి మంగళవారం గుండుతో వచ్చాడు. ముందుగా డబ్బాలో తన ఫైను తానే వేశాడు. సంతోషం చెప్పుకునే వేళకు లేచి నిలబడ్డాడు. సంతోషం కాదు గానీ ఒక మాట చెప్పుకోవచ్చా అని అడిగాడు. అమ్మ ఆసుపత్రిలో పోయింది. ఇంటికి తెస్తే ఓనరు గేటుకు తాళం వేశాడు. మా కోడలికి నెలలు నిండాయి, శవం లోపలికి వద్దు అన్నాడట. చెయ్యిపట్టుకుని బతిమాలినా వినలేదు. మూసి ఉన్న ఒక షట్టర్ ముందు రోడ్డు మీదనే షామియానా వేశారు. ఆమె పెద్ద కొడుకు భీవండిలో మగ్గం పని. రైలెక్కి కాజీపేటలో దిగేసరికి ఒకటిన్నర రోజు. రోహిణి కార్తె ఎండ. కింద రంపపు పొట్టు పోసి, ఐసు దిమ్మలు పేర్చి, వాటి మీద తల్లిని పడుకోబెట్టారు. ఆడవాళ్లు నాలుగు వైపులా చీరలు అడ్డం పట్టి రోడ్డు మీదే స్నానం పోశారు. ఆయన అన్న మాట అన్నట్టే చెప్తాను. "ఐసు నీళ్లు రోడ్డు మీద పారుతుంటే బండ్లు ఆ నీళ్ల మీదికెళ్లే పోయినయన్నా. మా అమ్మను తొక్కుకుంట పోయినట్టే అనిపించింది."

ఆ రోజు గెస్ట్ స్పీకర్ ఎవరో నాకు గుర్తులేదు. ఆయన మాట్లాడలేదు. డబ్బా ఇంకోసారి తిరిగింది, ఈసారి సార్జెంటు పట్టుకోలేదు, దానంతటదే చేతులు మారింది. శవాన్ని చల్లగా ఉంచే మన ఫ్రీజర్ పెట్టె అట్లా వచ్చింది. రాత్రి పన్నెండింటికి ఫోన్ వచ్చినా ఇస్తున్న ఆ పెట్టె తాళం, రిజిస్టరు నా షాపులోనే ఉంటాయి.

ఇప్పుడు చెప్పండి. ఆ అన్న ఆ మాట వాట్సాప్‌లో పెట్టేవాడా? మా అమ్మ చనిపోయింది అని పెట్టి ఉండేవాడు. మనం అందరం వరసగా ఓం శాంతి అని, రెండు చేతుల బొమ్మ పెట్టి ఉండేవాళ్లం. గేటుకు తాళం వేసిన సంగతి, రోడ్డు మీద స్నానం పోసిన సంగతి గ్రూపులో రాయడు ఎవడూ. ఎదురుగా కూర్చుని, వారం వారం ఒకే గిన్నెలోంచి పప్పు వడ్డించుకున్న మనుషుల ముందే ఆ మాట వస్తుంది. రెండు వారాలకోసారి అయితే, ఆయన రాలేదని గుర్తించేసరికి దినాలు అయిపోయేవి.

2023 జూలైలో వరద వచ్చి హంటర్ రోడ్డు కాలనీలు మునిగినప్పుడూ అంతే. ఎవరి ఇంట్లో పెద్ద గంజులున్నాయో, ఎవరికి ట్రాక్టరుందో, ఎవరి అత్తగారిల్లు ఏ గల్లీలో ఉందో మనకు ముందే తెలుసు. అందుకే పొద్దున అనుకున్నది మధ్యాహ్నానికి పులిహోర ప్యాకెట్లయి చేరింది.

మిత్రులారా, పెట్టె వచ్చింది కానీ కథ అయిపోలేదు. రిజిస్టరులో పేరు, వాడ, తీసుకున్న వేళ, తిరిగిచ్చిన వేళ రాస్తాం. నేను ఇంకో గడి గీశాను, సొంతిల్లా కిరాయిదా అని. ఆ పెట్టె కరెంటు మీద నడుస్తుంది. శవాన్ని లోపలికి రానివ్వని ఓనరు ప్లగ్గు ఇస్తాడా? రోడ్డు పక్క టెంటులో మన పెట్టె పెట్టి, ఎదురు కొట్టు ఆయన్ని బతిమాలి, వైరు రోడ్డుకు అడ్డంగా లాగి, బండ్లు పోకుండా ఇద్దరు పిల్లగాళ్లు కాపలా కూర్చున్న రాత్రులు నేను చూశాను. ఒకసారి ఎవరూ వైరు ఇవ్వలేదు. పెట్టె ఉండి కూడా మళ్లీ ఐసు దిమ్మలే తెచ్చుకున్నారు.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో ఇల్లు కిరాయికిచ్చిన వాళ్లు చేతులెత్తండి. ఎత్తండి, ఇది మన ఇల్లు, బిడియపడొద్దు. చూశారా, సగం మంది పైనే. మీ కిరాయి కాగితంలో నీళ్ల బిల్లు ఉంటుంది, సున్నం ఖర్చు ఉంటుంది. చావు వస్తే ఏం చెయ్యాలో ఉందా? మీ ఇంట్లో పన్నెండేళ్లు ఉండి నెల నెలా కిరాయి కట్టిన ముసలమ్మ పోతే, ఆమె మంచం ఆ గదిలోనే ఉండొచ్చని ఒక్క మాట ముందే చెప్పండి. మా పై పోర్షన్లలో ఉన్నవాళ్లకు నేను చెప్పాను. ఇంట్లో చావు జరిగితే లక్ష్మి పోతుందన్న భయం మన పెద్దలకూ ఉండేది. కానీ వాళ్లు సొంతిళ్లలోనే పుట్టి సొంతిళ్లలోనే పోయారు. ఇప్పుడు పల్లెల నుంచి పిల్లల చదువుకని, మిల్లు పనికని, ఆసుపత్రి పనికని వచ్చి సగం పట్నం కిరాయికే ఉంటోంది. వాళ్లకు చావు రాదా?

పల్లె ప్రగతి మొదలయ్యాక ఊరూరా వైకుంఠధామాలు కట్టారు, మంచిదే. అది దహనం నాటి గంటలకు. అంతకు ముందు రాత్రి శవం ఎక్కడుండాలి? ఆ తర్వాత మూడో రోజు పిట్టకు పెట్టేదెక్కడ? పదకొండు రోజులు ఆ ఇంటి మనుషులు తలదాచుకునేదెక్కడ? ఓనరు వద్దంటే గుడి సత్రమో, చుట్టాల ఇల్లో, లేకుంటే ఊరికి ప్రయాణం. పిల్లల పరీక్షలున్నా అంతే.

నేను ఫెలోషిప్ గురించి మాట్లాడతానని లేచాను. ఇదే నా ఫెలోషిప్. ఈ ఏడాది మన క్లబ్బు ఒక ఇల్లు కట్టాలి. పెద్దది అక్కర్లేదు. శవాన్ని ఉంచడానికి ఒక హాలు, ఫ్రీజర్ పెట్టెకు రెండు ప్లగ్గులు, ఇన్వర్టరు. ఆడవాళ్లకు విడిగా స్నానాల గది. నీళ్లు కాచుకునే పొయ్యికి చోటు. దినాలు అయ్యేదాకా ఒక కుటుంబం వండుకుని ఉండడానికి రెండు గదులు. ఏ కులమైనా, ఏ మతమైనా, కిరాయిదారైతే చాలు. మనలో ఇంజనీర్లున్నారు, బిల్డర్లున్నారు, కార్పొరేషన్‌లో పనిచేసి రిటైరైన వాళ్లున్నారు, స్థల పత్రాలు చూసే లాయర్లున్నారు. సున్నం నుంచి కిటికీ దాకా అమ్మే దుకాణాలు మనవే ఉన్నాయి.

మేడం, ఈ ఏడాది మీరు చాలా ప్రాజెక్టులు చదివారు. కుట్టు మిషన్లు, కంటి శిబిరం, బడి పిల్లలకు బెంచీలు. అన్నీ చెయ్యండి, నేను అన్నింటికీ వస్తాను. వాటి పక్కన ఇది కూడా రాయండి. పండ్లు పంచినట్టు ఒక పూటలో అయ్యేది కాదు. వారం వారం కూర్చుని, ఎవరు ఏ ఆఫీసుకు పోయి వచ్చారో, ఏ కాగితం ఎక్కడ ఆగిందో అడుగుతూ ఉంటే తప్ప ఇలాంటి పని కాదు. నెలకు రెండు మీటింగులతో అయితే ఏడాది గడిచి ఇంకొకరు కాలర్ వేసుకుంటారు, ఫైలు అట్లనే ఉంటుంది.

కాబట్టి నా విన్నపం రెండే. మీటింగులు తగ్గించే ప్రతిపాదనను బోర్డు వెనక్కి తీసుకోవాలి. భోజనం ఖర్చే ఇబ్బంది అయితే భోజనం మానేద్దాం, చాయ్ తాగి కూర్చుందాం. రెండోది, వచ్చే మంగళవారం అజెండాలో ఈ ఇంటి సంగతి మొదట పెట్టాలి. నేను రిజిస్టరు తెస్తాను. ఆ కిరాయి గడి మీరే చదవండి. కాశీబుగ్గ వైపు గానీ, ములుగు రోడ్డు వైపు గానీ స్థలం ఎవరి ఎరుకలోనైనా ఉంటే సర్వే నంబరు రాసుకుని రండి. నా వంతు చందా ఇవాళే ట్రెజరర్ తమ్మునికి చెక్కు రాసిచ్చాను, రసీదు కూడా తీసుకున్నాను. రాయదల్చుకున్న వాళ్లు భోజనాలకు ముందే ఆయన్ని కలవండి, టేబుల్ కుడి వైపు కూర్చున్నాడు.