అవతలి వీధిలో పాడగలగడం: ఇమ్మాన్యుయేల్ జాల్ సంగీతం, మన డెల్టా

సభకు నమస్కారం.

కోనసీమలో ఏ తీర్థానికి వెళ్లినా, ఏ ఊరి సంబరంలో నిలబడినా, డీజే పెట్టెల మోతలో హిప్ హాప్ లయ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. దాని ముందు చిందులు వేసే పిల్లలను చూసి పెద్దలు విసుక్కుంటారు. అది మనది కాని సంగీతమని, దానికి చరిత్ర లేదని అనుకుంటారు. చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన జిల్లాకు ఈనాడు చాలా అవసరమైన ఒక సంగతి ఉంది. అది చెప్పడానికే ఈ సాయంకాలం మీ ముందుకు వచ్చాను.

1970ల ఆరంభంలో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం శిథిలమవుతూ ఉండేది. నడిమధ్య నుంచి పెద్ద రహదారి వేయడానికి వేలాది కుటుంబాలను ఖాళీ చేయించారు, పనులు పోయాయి, ఇళ్లు తగలబడేవి. నల్లజాతి యువకులూ, ప్యూర్టోరికో నుంచి వలస వచ్చిన కుటుంబాల యువకులూ ముఠాలుగా చీలిపోయి, ఒకరి వీధిలోకి ఒకరు అడుగు పెడితే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి తెచ్చుకున్నారు. వాటిలో ఘెట్టో బ్రదర్స్ అనే ముఠా ఒకటి. దానికి సొంత సంగీత బృందం కూడా ఉండేది. ఆ ముఠా తరఫున తగవులు తీర్చే బాధ్యత మోస్తున్న కార్నెల్ బెంజమిన్ అనే యువకుడు, 1971 డిసెంబరు 2న ఒక కొట్లాటను ఆపడానికి వెళ్లి హతుడయ్యాడు. నగరమంతా ప్రతీకారం కోసం ఎదురు చూసింది. నాయకుడు బెంజీ మెలెండెజ్ ప్రతీకారానికి ఒప్పుకోలేదు. ఆరు రోజుల తరువాత, డిసెంబరు 8న, హో అవెన్యూలోని బాలుర క్లబ్బులో చాలా ముఠాలు కూర్చుని ఒడంబడిక చేసుకున్నాయి.

ఆ ఒడంబడికతో హింస అంతా ఆగిపోలేదు. కానీ కుర్రవాళ్లు వీధులు దాటడం మొదలైంది. అవతలివారి పాటకచేరీకి వెళ్లి, బతికి తిరిగి రావచ్చునన్న ధైర్యం కలిగింది. 1973 ఆగస్టు 11న, జమైకాలో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన కూల్ హెర్క్, తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో పాటలు వేశాడు. కాలక్రమంలో అతడు రెండు రికార్డులను పక్కపక్కన తిప్పుతూ, పాటలో కేవలం తాళవాద్యం మోగే ముక్కనే మళ్లీ మళ్లీ సాగదీసే పద్ధతిని స్థిరపరిచాడు. ఆ విందునే హిప్ హాప్ పుట్టినరోజుగా లోకం జరుపుకుంటోంది. ముందు వీధులు తెరుచుకున్నాయి, తరువాత పాట వచ్చింది. ఈ వరుసను మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇప్పుడు నేను చెప్పదలచిన కళాకారుడి దగ్గరకు వస్తాను. ఇమ్మాన్యుయేల్ జాల్ దక్షిణ సూడాన్‌లో నూయెర్ తెగలో, 1980 ప్రాంతంలో పుట్టాడు. అరబ్బీ మాట్లాడే ముస్లిములు అధికంగా ఉన్న ఉత్తరానికీ, క్రైస్తవులూ సంప్రదాయ మతాలవారూ ఉన్న దక్షిణానికీ మధ్య 1983లో మొదలై 2005 దాకా సాగిన యుద్ధం, సుమారు 20 లక్షల మందిని బలిగొంది. ఆ యుద్ధం జాల్ తల్లిని మింగింది. అతని చేతికి, బడిలో చదవవలసిన వయసులో, తుపాకి ఇచ్చింది. తోటి బాల సైనికులతో పారిపోయి, దారిలో ఆకలికీ దాహానికీ ఎందరో రాలిపోగా బతికి బయటపడిన ఆ పిల్లవాణ్ణి ఎమ్మా మెక్యూన్ అనే బ్రిటిష్ సహాయ కార్యకర్త రహస్యంగా విమానంలో కెన్యాకు చేర్చి బడిలో వేసింది. ఆమె 1993లో నైరోబీలో రోడ్డు ప్రమాదంలో మరణించింది. అతణ్ణి ద్వేషం నుంచి మళ్లించింది ర్యాప్, అంటే హిప్ హాప్‌లో లయ మీద ప్రాస మాటలు పలికే పద్ధతి.

2005లో, ఉత్తర దక్షిణాల మధ్య శాంతి ఒప్పందం కుదిరిన సంవత్సరంలోనే, జాల్ 'సీజ్‌ఫైర్' (కాల్పుల విరమణ) అనే ఆల్బమ్ వెలువరించాడు. దానిలో అతనితో గొంతు కలిపినవాడు అబ్దుల్ ఖాదిర్ సలీమ్: ఉత్తరాదివాడు, ముస్లిం, ఊద్ అనే అరబ్బు తంత్రీ వాయిద్యంలో నిష్ణాతుడు, సూడాన్ అంతటా గౌరవం పొందిన పెద్ద గాయకుడు. ఎవరిని చంపాలని చిన్ననాట జాల్‌కు నూరిపోశారో, ఆ జనంలోనివాడు. అయితే ఆ సలీమ్ కూడా ఉన్మాదం రుచి చూసినవాడే. 1994లో సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ నగరంలో, సంగీత కళాకారుల క్లబ్బులో ఒక మతోన్మాది కత్తితో తెగబడినప్పుడు ఖోజలీ ఉస్మాన్ అనే గాయకుడు ప్రాణం కోల్పోయాడు, సలీమ్ గాయాలతో బయటపడ్డాడు. శత్రువు అనుకున్న జనంలో కూడా మన గాయం వంటి గాయం మోస్తున్నవారు ఉంటారన్న నిజం, ఆ ఇద్దరూ ఒక ఆల్బమ్‌లో గొంతు కలపడంతోనే లోకానికి తెలిసింది.

ఆ ఆల్బమ్‌లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది దాని నిర్మాణం. ఐక్యత పేరుతో వచ్చే చాలా పాటల్లో అందరూ ఒకే పల్లవిని ఒకే గొంతుతో పాడతారు. విన్నంతసేపు బాగుంటుంది, ఎవరి బాధ ఏమిటో మాత్రం తెలియదు. ఇక్కడ సలీమ్ తన ఊద్‌నూ, తన అరబ్బీనీ, తన గమకాలనూ వదులుకోలేదు. జాల్ తన ర్యాప్‌ను మెత్తబరచుకోలేదు. ఇంగ్లీషు, అరబ్బీ, స్వాహిలీ, నూయెర్, డింకా భాషలు మారుస్తూ పాడాడు. నూయెర్, డింకా తెగలు తమలో తాము కూడా పోరాడుకున్నవే. ఒకరి శైలిలో మరొకరు కరిగిపోకుండా, ఒకరు పాడుతుంటే మరొకరు చోటు విడిచి, మళ్లీ అందుకుని సాగిన కూర్పు అది. కలిసి ఉండడానికి అంతకన్నా నిజాయతీ గల రూపం నాకు కనబడలేదు.

పాట యుద్ధాన్ని ఆపిందా అని మీలో ఎవరైనా అడగవచ్చు. 2011 జూలై 9న దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమయింది. 2013 డిసెంబరులో ఆ కొత్త దేశం లోపలే మళ్లీ అంతర్యుద్ధం రగిలింది, నూయెర్ డింకా చీలిక దానికి ఆజ్యమయింది. ఆల్బమ్‌లకు సైన్యాలను నిలువరించే శక్తి లేదు. కానీ జాల్ పాడడం మానలేదు. హిప్ హాప్ అంతా ఐక్యతా గీతమేనని కూడా నేను అనను. 1996, 1997 సంవత్సరాల్లో ఇద్దరు మహా ర్యాపర్లు తుపాకులకు బలైన చరిత్ర కూడా దానిదే. ఆయుధం ఎటు తిప్పినా పనిచేస్తుంది, మైకు కూడా అంతే.

ఇక మన సంగతి. ర్యాప్‌కు ఆధారం నాలుగు దెబ్బల ఆవర్తం. రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా ఊనిక పడుతుంది, గాయకుడు ఆ ఊనికకు కొంచెం ముందో వెనుకో మాటను నిలిపి, పాదం చివరే కాక నడుమ కూడా ప్రాస కలుపుతాడు. బుర్రకథ విన్న చెవికి ఇది కొత్త కాదు. కథకుడు ఊపిరి బిగబట్టి పరుగెత్తించే వచనానికీ, డక్కీలతో అందుకునే వంతలకూ, సమకాలీన రాజకీయాన్ని చురుక్కుమనిపించే చనువుకూ ర్యాప్‌తో దగ్గరి చుట్టరికం ఉంది. ఆ కళకు వన్నె తెచ్చి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ముస్లిం. ఆయన గొంతున పల్నాటి యుద్ధం వినని పల్లె ఆ రోజుల్లో అరుదు. కులభేదం లేని చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథను ఒక ముస్లిం చెబుతుంటే ఊరంతా కూర్చుని విన్నది.

పరసంస్కృతి ఈ డెల్టాకు ఎన్నడూ దూరం కాదు. కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనే పిలిచారు. యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. ఈనాడు మన లంక గ్రామాల నుంచి ఎందరో అక్కచెల్లెళ్లు కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనులకు వెళ్లి, సలీమ్ పాడిన అరబ్బీని చెవినిండా నింపుకుని వస్తున్నారు. సముద్రాలు దాటడం మనకు తెలుసు. ఊరికీ పేటకూ నడుమ ఉన్న కాలువ గట్టు దాటడం దగ్గరే చిక్కు వచ్చింది.

2022 మే 24ను ఈ అమలాపురంలో ఎవరూ మరచిపోలేదు. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ సాగిన నిరసన అదుపు తప్పి, ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు మంటల్లో చిక్కుకున్నాయి. మంట ఆరింది, కేసులు నడిచాయి, ఒకే కళాశాలలో ఒకే బల్ల మీద కూర్చునే పిల్లలు సాయంత్రం ఎవరి వీధికి వారు వెళ్లారు. దాని గురించి ఈ ప్రాంతపు యువకులు కలిసి కట్టిన పాట ఒక్కటైనా నా చెవిన పడలేదు. అది నన్ను బాధిస్తోంది.

అందుకే ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చే సంక్రాంతికి ఒక్క పాట కట్టుదాం. ఒక చరణం పేటలో పెరిగిన కుర్రవాడో అమ్మాయో రాయాలి, రెండోది ఊళ్లో పెరిగినవారు రాయాలి, మూడోది కువైట్ నుంచి తిరిగి వచ్చిన ఒక తల్లి చెప్పగా పిల్లలు రాసుకోవాలి. ఎవరి చరణంలోని కోపాన్నీ మరొకరు దిద్దకూడదు. ఒకరి చరణానికి వంత మాత్రం అవతలివారే పాడాలి. డప్పు, డోలు, నాదస్వరం మన కళాకారులే వాయించాలి, నాలుగు దెబ్బల లయ కంప్యూటరు మీద కూర్చేవారు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు. మొదటి ప్రదర్శన పేటలో, చర్చి ముందర. రెండోది అదే వారంలో ఊళ్లో, రామాలయం ముందర. రెండు చోట్లా పాడేవాళ్లు వాళ్లే, పాట అదే, ఒక్క పదం కూడా మారకూడదు. పెద్దల అనుమతులు, వాయిద్యకారుల పారితోషికం, సాధనకు చోటు, ఈ మూడూ తేలవలసి ఉన్నాయి. సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను. రాయగలవారు, పాడగలవారు వచ్చి పేరు ఇవ్వండి.