పేరు లేని కరపత్రం

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చెప్పేశారు, నేను మళ్లీ చెప్పను. నాటకోత్సవాల నిర్వహణ మీద మాట్లాడమన్నారు. నేను సాల్జ్‌బర్గ్ గురించి మాట్లాడతాను.

ఆస్ట్రియాలో ఊరది. 1920 ఆగస్టు 22న అక్కడి పెద్ద చర్చి ముందు, ఆరుబయట, మాక్స్ రైన్‌హార్ట్ ‘యేడర్‌మన్’ నాటకం ఆడించాడు. రాసింది హోఫ్మన్‌స్టాల్. ధనవంతుడొకడు విందులో ఉండగా మృత్యువు వస్తుంది. చర్చి గోపురాల మీంచి, కొండమీది కోట నుంచి గొంతులు అతన్ని పేరు పెట్టి పిలుస్తాయి. ఊరంతా రంగస్థలమే! సాల్జ్‌బర్గ్ ఉత్సవం పుట్టిందే ఆ నాటకంతో.

రైన్‌హార్ట్ యూదుడు. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. ‘యేడర్‌మన్’ను నిషేధించారు. రైన్‌హార్ట్ 1918లో కొనుక్కుని బాగుచేయించుకున్న లియోపోల్డ్స్‌క్రోన్ భవనాన్ని లాక్కున్నారు. ఏప్రిల్ 30న, నాటకం ఆడిన చోటికి కూతవేటు దూరంలో, పుస్తకాలు తగలబెట్టారు. అయినా ఆ వేసవిలో ఉత్సవం ఆగలేదు. మళ్లీ చెబుతున్నాను, ఆగలేదు. వాయిద్యాలు మోగాయి, చప్పట్లు కొట్టారు.

ఇటలీ వాద్యబృంద నిర్దేశకుడు టోస్కానీని మాత్రం రానన్నాడు. ఆస్ట్రియా ఛాన్సలర్ హిట్లర్‌కు లొంగి వచ్చాడని తెలిసి ఫిబ్రవరిలోనే తప్పుకున్నాడు. 1933లో హిట్లర్ స్వయంగా ఉత్తరం రాసినా జర్మనీలోని బైరాయిట్ సంగీతోత్సవానికి వెళ్లని మనిషి ఆయన. 1938కి ముందు రెండేళ్లు సాల్జ్‌బర్గ్‌లో ఆయన నడిపిన వాగ్నర్ ఒపేరాను, అంటే పాటల నాటకాన్ని, ఆ ఏడు జర్మన్ నిర్దేశకుడు ఫుర్ట్‌వెంగ్లర్ నడిపాడు.

ఫుర్ట్‌వెంగ్లర్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకో చెప్పాలి. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక పరిషత్తు పోటీలకు వెళ్లాం. మా దర్శకుడి రాజకీయాలు నిర్వాహకులకు గిట్టవు. కరపత్రంలో ఆయన పేరు లేదు. “పేరెందుకురా, మీరు ఆడండి” అన్నాడాయన. ఆడాం. బహుమతి కూడా తెచ్చుకున్నాం. ఆయన బస్టాండులో కూర్చుని మా కోసం ఎదురుచూశాడు. ఆ ఘోరంతో దీన్ని పోల్చడం లేదు, అక్కడ మనుషుల్నే చంపారు. కానీ పేరు లేని కరపత్రం చేత్తో పట్టుకుని మేకప్ వేసుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. మీలో ఎంతమందికి తెలుసు? చెప్పండి!

నిర్వహణ అన్నారు కదా. 1944లో హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ ఉత్సవాలన్నీ రద్దు చేస్తే, సంగీతకర్త రిచర్డ్ స్ట్రాస్ కొత్త ఒపేరాకు ఆగస్టు 16న డ్రెస్ రిహార్సల్ ఒక్కటే జరగనిచ్చారు. నడిపించిన చేతులే ఆపేశాయి. అంతకుముందే, 1943లో, రైన్‌హార్ట్ న్యూయార్క్‌లో కన్నుమూశాడు. 1946లో ‘యేడర్‌మన్’ మళ్లీ చర్చి ముందుకొచ్చింది. తర్వాత కొన్నేళ్లు దాన్ని ఆయన భార్య హెలెన్ తీమిగ్ ఆడించారు.

కార్యదర్శిగారూ, ఒక్క మనవి. ఇవాళ్టి కరపత్రంలో నా పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. రాత్రి నాటకానికి సెట్టు కట్టినవాళ్ల పేర్లు లేవు. ఇందాక లోపల కనుక్కుని ఈ కాగితం మీద రాసుకున్నాను, నలుగురు. తెర లేవకముందే మైకులో చదివించండి.